ఆస్ట్రేలియా: ఆరు కాలనీలు ఒక్క దేశం ఎలా అయ్యాయి?

ప్రశ్న: "ఆస్ట్రేలియాలో ఆరు బ్రిటిష్ కాలనీలు యుద్ధం, తిరుగుబాటు ఏమీ లేకుండా 1901లో ఒకే దేశంగా ఎలా ఏర్పడ్డాయి? దాన్ని స్వాతంత్ర్యం అనొచ్చా? మన రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితా అక్కడి నుంచే తెచ్చారంటారు, ఆ సంగతి ఏమిటి?"

ముందు రెండోది తేల్చేద్దాం. అనకూడదు. 1901 జనవరి 1న పుట్టింది సమాఖ్య. విదేశాంగం లండన్ చేతిలోనే ఉంది, చాలా కోర్టు తీర్పుల మీద చివరి అప్పీలు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కే వెళ్ళేది. బ్రిటిష్ పార్లమెంటు పెత్తనం లేకుండా చట్టాలు చేసుకునే స్వేచ్ఛనిచ్చిన వెస్ట్‌మినిస్టర్ శాసనాన్ని ఆస్ట్రేలియా పార్లమెంటు స్వీకరించింది 1942లో. బ్రిటన్‌తో మిగిలిన చట్టపరమైన చిక్కుముళ్ళు పూర్తిగా విడిపోయింది 1986లో. కాబట్టి పరీక్షలో "1901లో స్వాతంత్ర్యం" అని రాయకండి, "1901లో సమాఖ్య ఏర్పాటు" అని రాయండి.

ఇక అసలు ప్రశ్న. ఒకే భాష, ఒకే జాతి, పైగా దేశభక్తి, అందుకే కలిశారు అని చాలా పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. ఆ భాష, ఆ జాతి 1860లోనూ ఉన్నాయి కదా, మరి 40 ఏళ్ళు ఎందుకు ఆగారు? రాజ్యాంగ ముసాయిదా 1891లోనే తయారైంది. చివరికి అమల్లోకి వచ్చినదానికి అస్థిపంజరం అదే. అంటే రాయడం రాక ఆగిపోలేదు. రాసినదాన్ని ఎవరి చేత, ఏ వరుసలో ఒప్పించాలో తెలియక ఆగింది. ఆ దారి 1893లో దొరికింది. ఆ తర్వాత మిగిలిందల్లా డబ్బు బేరం.

ముందు విడిగా ఉండటమంటే ఏమిటో చూడండి. (కాలనీ అంటే ఇక్కడ హౌసింగ్ బోర్డు కాలనీ కాదు, సొంత పార్లమెంటు, సొంత ప్రధాని ఉన్న బ్రిటిష్ వలస రాజ్యం.) న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌లాండ్, సౌత్ ఆస్ట్రేలియా, వెస్టర్న్ ఆస్ట్రేలియా, టాస్మానియా. ఎవరి తపాలా బిళ్ళలు వాళ్ళవి, ఎవరి సైన్యం వాళ్ళది, ఎవరి కస్టమ్స్ వాళ్ళవి. విక్టోరియా తన ఫ్యాక్టరీలను కాపాడుకోవడానికి దిగుమతి సుంకాలు గట్టిగా వేసేది. పక్కనే ఉన్న న్యూ సౌత్ వేల్స్ స్వేచ్ఛా వాణిజ్యం వైపు మొగ్గింది. మధ్యలో ముర్రే నది. ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు సరుకు దాటితే సుంకం కట్టాలి. జీఎస్టీకి ముందు రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర బారులు తీరిన లారీలను చూసినవాళ్ళకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

రైలు పట్టాల సంగతి ఇంకా విచిత్రం. విక్టోరియాది 5 అడుగుల 3 అంగుళాల గేజ్. న్యూ సౌత్ వేల్స్‌ది 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. క్వీన్స్‌లాండ్‌ది 3 అడుగుల 6 అంగుళాలు. నిజానికి మొదట అందరూ 5 అడుగుల 3 అంగుళాలకే ఒప్పుకున్నారు. న్యూ సౌత్ వేల్స్‌లో ఇంజనీరు మారాడు, కొత్తాయన గేజ్ మార్చాడు, అప్పటికే విక్టోరియా పాత కొలతకు సామాను ఆర్డర్ ఇచ్చేసింది. అంతే. 1883లో రెండు లైన్లూ సరిహద్దు ఊరు ఆల్బరీ దగ్గర కలిసినప్పుడు, సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్ళే ప్రయాణికులు పెట్టెబేడాతో దిగి ప్లాట్‌ఫారం దాటి మరో రైలెక్కాల్సి వచ్చింది. గుంతకల్లులో మీటర్ గేజ్ దిగి బ్రాడ్ గేజ్ ఎక్కిన తరానికి ఇది సులువుగా అర్థమవుతుంది. సమాఖ్య వచ్చినా ఇది తీరలేదు. సిడ్నీ, మెల్‌బోర్న్ మధ్య బండి మారకుండా ప్రయాణం 1962లో గాని కుదరలేదు.

కలవడానికి తొలి ప్రయత్నం 1885 నాటి ఫెడరల్ కౌన్సిల్. ఎందుకు చతికిలబడిందో చూస్తే తర్వాతి కథంతా తేలికగా అర్థమవుతుంది. దానికి ఖజానా లేదు, మంత్రివర్గం లేదు, పన్ను వేసే హక్కు లేదు. చట్టం చేస్తే అమలు చేయడానికి ఒక గుమాస్తా కూడా లేడు. అన్నిటికంటే పాత కాలనీ న్యూ సౌత్ వేల్స్ అసలు చేరనే లేదు. సౌత్ ఆస్ట్రేలియా రెండేళ్ళుండి బయటికి పోయింది. ఫిజీ మాత్రం చేరింది!

తర్వాత కదలిక రక్షణ భయం వల్ల వచ్చింది. 1883లో న్యూ గినీని క్వీన్స్‌లాండ్ తనలో కలిపేసుకుంటే లండన్ ఒప్పుకోలేదు. మరుసటి ఏడే జర్మనీ వచ్చి ఈశాన్య భాగంలో జెండా పాతింది. విడివిడిగా అరిస్తే లండన్‌కు వినపడదని అందరికీ తెలిసొచ్చింది. 1889లో బ్రిటిష్ మేజర్ జనరల్ బెవన్ ఎడ్వర్డ్స్ ఆరు సైన్యాలనూ పరిశీలించి, అన్నీ ఒకే ఆదేశం కింద ఉంటే తప్ప లాభం లేదన్నాడు. ఆ నివేదికను పట్టుకునే న్యూ సౌత్ వేల్స్ ప్రధాని హెన్రీ పార్క్స్ అక్టోబర్ 24న టెంటర్‌ఫీల్డ్ ఊళ్ళో కాలనీలన్నీ ఏకం కావాలని ప్రసంగించాడు. 1890లో మెల్‌బోర్న్‌లో సన్నాహక సమావేశం, 1891 మార్చిలో సిడ్నీలో రాజ్యాంగ సమావేశం జరిగాయి. ఒక్కో కాలనీ పార్లమెంటు నుంచి ఏడుగురు, న్యూజిలాండ్ నుంచి ముగ్గురు వచ్చారు.

ముసాయిదా రాసింది ఎక్కువగా క్వీన్స్‌లాండ్ ప్రధాని శామ్యూల్ గ్రిఫిత్. టాస్మానియా అటార్నీ జనరల్ ఆండ్రూ ఇంగ్లిస్ క్లార్క్ అప్పటికే అమెరికా రాజ్యాంగాన్ని ముందు పెట్టుకుని ఒక చిత్తుప్రతి తయారుచేసి తెచ్చాడు. ఈస్టర్ సెలవుల్లో గ్రిఫిత్, న్యూ సౌత్ వేల్స్ నేత బార్టన్, సౌత్ ఆస్ట్రేలియా నేత కింగ్‌స్టన్ తదితరులు లూసిండా అనే ఆవిరి నౌకలో హాక్స్‌బరీ నది మీదికి వెళ్ళి, నీళ్ళ మీదే కూర్చుని సవరణలు చేశారు. కెనడా దారి కాకుండా అమెరికా దారి పట్టారు: కేంద్రానికి ఇచ్చే అధికారాల పేర్లు రాసి, రాయనివన్నీ రాష్ట్రాలకే వదిలేశారు. మంత్రివర్గం మాత్రం బ్రిటిష్ పద్ధతిలో దిగువసభకు జవాబుదారీ.

ఇంత చేసి దాన్ని ఎక్కడికి పంపారు? తిరిగి అవే పార్లమెంట్లకు. ఎవరు ముందు చర్చించాలో నియమం లేదు, గడువు లేదు, ఒకరు సవరిస్తే మిగతావాళ్ళు ఏం చేయాలో తెలియదు. న్యూ సౌత్ వేల్స్ పక్కన పెట్టేసింది. "పెద్దన్నే ఆగాడు, మనకేం తొందర" అని మిగతావాళ్ళూ ఆగారు. పైగా తమ అధికారాన్ని తగ్గించే కాగితం మీద ఏ శాసనసభైనా తనంతట తాను సంతకం పెడుతుందా? ఈలోగా ఆర్థిక మాంద్యం, 1893లో బ్యాంకులు వరసగా మూతపడటం. అందరి దృష్టీ అటు మళ్ళింది.

మలుపు తిరిగింది ముర్రే ఒడ్డున కొరోవా అనే చిన్న ఊళ్ళో, 1893 జులై ఆఖరున. సుంకాల వల్ల ఎక్కువ నలిగింది ఆ సరిహద్దు ఊళ్ళే. ఫెడరేషన్ లీగులూ, ఆస్ట్రేలియన్ నేటివ్స్ అసోసియేషన్ వాళ్ళూ కూడారు. (నేటివ్స్ అంటే ఆదివాసులు అనుకునేరు, ఆస్ట్రేలియాలో పుట్టిన తెల్లవాళ్ళ సంఘం అది.) ఉపన్యాసాలు అయ్యాక, వీటితో ఒరిగేదేముంది అన్న గొణుగుడు మొదలైంది. అప్పుడు బెండిగో వకీలు జాన్ క్విక్ ఒక తీర్మానం రాసి పెట్టాడు. సారాంశం ఇంతే: ప్రతి కాలనీ ముందే ఒక చట్టం చేయాలి. ఆ చట్టం ప్రకారం ప్రజలే ప్రతినిధులను ఎన్నుకోవాలి. ఆ ప్రతినిధులు రాసిన రాజ్యాంగం మీద ప్రతి కాలనీలోనూ జనం ఓటేయాలి.

ఇది చిన్న మార్పులా కనబడుతుంది గానీ కీలకమంతా ఇందులోనే ఉంది. శాసనసభలు ఏమీ రాయకముందే, గొడవపడటానికి ఇంకా ఏమీ లేనప్పుడే, ప్రక్రియకు కట్టుబడిపోతాయి. తర్వాత ఇష్టం లేకపోయినా సవరణలు సూచించగలవు తప్ప మూలన పడేయలేవు. 1895 జనవరిలో హోబార్ట్‌లో ప్రధానులు సమావేశమై దీన్ని దాదాపు యథాతథంగా స్వీకరించారు.

1897 మార్చిలో నాలుగు కాలనీల్లో ఒక్కో దానికి పదిమంది చొప్పున ఎన్నికలు జరిగాయి. సౌత్ ఆస్ట్రేలియాలో ఆడవాళ్ళకు అప్పటికే ఓటుంది. అక్కడ కేథరిన్ హెలెన్ స్పెన్స్ పోటీ చేసి ఓడారు, ఆ ఖండంలో ఎన్నికల బరిలో నిలిచిన మొదటి మహిళ ఆవిడే. వెస్టర్న్ ఆస్ట్రేలియా తన పదిమందినీ పార్లమెంటు నుంచే పంపింది. క్వీన్స్‌లాండ్ ఎలా ఎన్నుకోవాలో తేల్చుకోలేక రానే లేదు. సమావేశం మూడు విడతలు: అడిలైడ్, సిడ్నీ, చివరికి 1898 మార్చిదాకా మెల్‌బోర్న్.

అక్కడి పెద్ద తగాదా రెండింటి మీద. ఒకటి సెనేట్. చిన్న కాలనీలకు పెద్దవాటితో సమానంగా సీట్లు కావాలి. మొదట్లో తలా ఆరు. జనాభాలో టాస్మానియా ఎక్కడ, న్యూ సౌత్ వేల్స్ ఎక్కడ! మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31, తెలంగాణకు 7 ఉన్నట్టు అక్కడ కుదరదు. సరే, సీట్లు సమానం. మరి ఆ సెనేట్ డబ్బు బిల్లులు మార్చొచ్చా? మార్చొచ్చంటే పెద్దవాళ్ళు లేచిపోతారు, కూడదంటే చిన్నవాళ్ళు లేచిపోతారు. 1891లోనే దొరికిన మధ్యేమార్గం: సెనేట్ పన్ను బిల్లును సవరించకూడదు, కానీ "ఇది మార్చండి" అని దిగువసభను కోరవచ్చు, మొత్తంగా తిరస్కరించనూ వచ్చు. 53వ సెక్షన్ ఇదే. 1897లో అడిలైడ్‌లో చిన్న కాలనీలు మళ్ళీ పట్టుబడితే 25కి 23 ఓట్లతో పాత రాజీయే నిలబడింది. మరో ఇద్దరు అటు మొగ్గితే ఏమయ్యేదో చెప్పలేం.

రెండోది కస్టమ్స్ ఆదాయం. కాలనీలకు పన్నుల్లో సింహభాగం అదే. సమాఖ్య వస్తే కస్టమ్స్ కేంద్రానికి పోతాయి. రైల్వే అప్పులు, బడులు, పోలీసులు మాత్రం రాష్ట్రాల దగ్గరే ఉంటాయి. ఎలా బతకాలి? సమావేశం ముగియబోతుండగా టాస్మానియా ప్రధాని ఎడ్వర్డ్ బ్రాడన్ ఒక క్లాజు పెట్టాడు: కేంద్రం వసూలు చేసే కస్టమ్స్, ఎక్సైజు నికర ఆదాయంలో పావు వంతుకు మించి తను ఖర్చు పెట్టకూడదు, ముప్పావు వంతు రాష్ట్రాలకు ఇవ్వాలి. వినడానికి బాగుంది. లెక్క వేయండి: కేంద్రానికి అదనంగా ఒక్క పౌండు కావాలంటే నాలుగు పౌండ్ల సుంకం వసూలు చేయాలి. స్వేచ్ఛా వాణిజ్యానికి అలవాటుపడ్డ సిడ్నీ జనానికి ఇది తమ జేబుకు చిల్లుగా కనిపించింది. "బ్రాడన్ మచ్చ" అని పేరు పెట్టేశారు.

1898 జూన్‌లో ఓటింగ్. విక్టోరియాలో అవును 1,00,520, కాదు 22,099. సౌత్ ఆస్ట్రేలియా, టాస్మానియాల్లోనూ సునాయాసంగా గెలిచింది. న్యూ సౌత్ వేల్స్‌లో అవును 71,595, కాదు 66,228. గెలిచినట్టే కదా? కాదు. అక్కడి శాసనసభ ముందుగానే ఒక గీత గీసింది: కనీసం ఇన్ని "అవును" ఓట్లు రావాలని. మొదట 50,000 ఉన్న ఆ గీతను 80,000కు జరిపింది. 8,405 ఓట్లు తక్కువపడి, మెజారిటీ వచ్చి కూడా ఓడిపోయింది. అక్కడి ప్రధాని జార్జ్ రీడ్ సిడ్నీ టౌన్ హాల్లో ముసాయిదాలోని లోపాలన్నీ ఏకరువు పెట్టి, చివరికి "నేను మాత్రం అవును అనే ఓటేస్తా" అన్నాడు. "అవును-కాదు రీడ్" అన్న పేరు జీవితాంతం అంటుకుంది. నా మటుకు ఆయన్ని గోడమీద పిల్లి అనను. ఓడిపోయిన ఓటుతోనే మళ్ళీ బేరానికి కూర్చుని, గెలిచే ఓటుకు కావాల్సినవి రాబట్టాడు.

1899 మొదట్లో ఆరుగురు ప్రధానులూ మెల్‌బోర్న్‌లో తలుపులు మూసుకుని కూర్చున్నారు. ఈసారి క్వీన్స్‌లాండ్ కూడా వచ్చింది. బ్రాడన్ క్లాజుకు పదేళ్ళ గడువు పెట్టారు, ఆపైన పార్లమెంటు ఇష్టం. ఆర్థిక సాయం కేంద్రం తన షరతుల మీద ఇవ్వొచ్చని 96వ సెక్షన్ చేర్చారు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ, తర్వాత కేంద్రం చేతిలో కొరడా అయింది ఇదే. ఉభయసభల సంయుక్త సమావేశంలో బిల్లు నెగ్గడానికి ఐదింట మూడు వంతులు అక్కర్లేదు, మొత్తం సభ్యుల్లో సగానికి మించితే చాలన్నారు. ఇక రాజధాని: న్యూ సౌత్ వేల్స్‌లోనే ఉండాలి, కానీ సిడ్నీకి కనీసం 100 మైళ్ళ దూరంలో, అది కట్టేదాకా పార్లమెంటు మెల్‌బోర్న్‌లో. రాజధాని తగాదా ఎంత కాలం సాగుతుందో మనవాళ్ళకు చెప్పాలా? పార్లమెంటు కాన్‌బెరాకు చేరింది 1927 మే 9న.

రెండోసారి ఓటింగ్‌లో న్యూ సౌత్ వేల్స్ 1,07,420కి 82,741తో ఒప్పుకుంది. 80,000 గీత ఈసారి లేదు. విక్టోరియాలో కాదన్నవాళ్ళు పదివేలు కూడా లేరు. క్వీన్స్‌లాండ్ 38,488కి 30,996తో గట్టెక్కింది. బ్రిస్బేన్ వద్దంటే ఉత్తరాది ఓట్లు ఆదుకున్నాయి.

తర్వాత లండన్. ఎందుకంటే ఇదంతా చివరికి బ్రిటిష్ పార్లమెంటు చట్టంగానే రావాలి. బార్టన్, విక్టోరియా నేత డీకిన్, కింగ్‌స్టన్ తదితరులు 1900లో అక్కడికి వెళ్తే కాలనీల మంత్రి జోసెఫ్ చాంబర్లిన్ 74వ సెక్షన్ మీద పేచీ పెట్టాడు: ప్రివీ కౌన్సిల్‌కు అప్పీళ్ళు అంతగా కట్టడి చేస్తే బ్రిటిష్ పెట్టుబడిదారుల గతి ఏమిటని. కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య అధికారాల హద్దులు ఎక్కడన్న వివాదాలు మాత్రం ఆస్ట్రేలియా హైకోర్టు అనుమతిస్తేనే లండన్‌కు, మిగతావి వెళ్ళొచ్చు అని తెగింది. జులై 9న రాజముద్ర పడింది.

చట్టం అయిపోయింది, వెస్టర్న్ ఆస్ట్రేలియా ఇంకా ఊగిసలాటలోనే ఉంది! అక్కడి ప్రధాని జాన్ ఫారెస్ట్‌కు సుంకాల ఆదాయం పోతుందన్న దిగులు. దాన్ని కదిలించింది కాల్గూర్లీ బంగారు గనుల జనం, ఎక్కువమంది తూర్పు కాలనీల నుంచి వలస వచ్చినవాళ్ళే. "మీరు చేరకపోతే మేం విడిపోయి అరేలియా అనే కొత్త కాలనీ పెట్టుకుంటాం" అని 27 వేలకు పైగా సంతకాలతో రాణికి అర్జీ పెట్టారు. మరో తాయిలం 95వ సెక్షన్: తూర్పు రాష్ట్రాల సరుకు మీద ఐదేళ్ళు సొంత సుంకం వేసుకోవచ్చు, మొదటి ఏడు పూర్తిగా, ఆ తర్వాత ఏటా ఐదో వంతు చొప్పున తగ్గిస్తూ. జులై 31న 44,800కి 19,691తో ఒప్పుకుంది. చట్టానికి ముద్ర పడిన మూడు వారాలకు! అందుకే ప్రవేశికలో "ఏకమవడానికి అంగీకరించిన" ప్రజల వరసలో ఐదు పేర్లే ఉంటాయి, వెస్టర్న్ ఆస్ట్రేలియా పేరు ఉండదు. అదే చట్టం 6వ క్లాజులో, రాష్ట్రంగా చేరదగినవాటిలో న్యూజిలాండ్ పేరు ఇప్పటికీ ఉంది.

చేరినవాళ్ళు సుఖంగా ఉన్నారా అంటే, 1933లో అదే వెస్టర్న్ ఆస్ట్రేలియా దాదాపు మూడింట రెండొంతుల ఓట్లతో విడిపోతామంది. సమాఖ్య ప్రభుత్వం అడగకుండా మేం ఈ అర్జీ తీసుకోలేమని బ్రిటిష్ పార్లమెంటు 1935లో తేల్చేసింది.

"జనం ఓటేసి కట్టుకున్న దేశం" అన్నప్పుడు ఏ జనం అన్నది మరవకూడదు. 127వ సెక్షన్ జనాభా లెక్కలోంచి ఆదివాసులను తీసేసింది, 1967 దాకా అది అలాగే ఉంది. కొత్త పార్లమెంటు మొదటి ఏడాది చేసిన చట్టాల్లోనే వలసల నియంత్రణ చట్టం ఒకటి: అధికారి ఏదో ఒక ఐరోపా భాషలో 50 మాటలు చదువుతాడు, తప్పు లేకుండా రాయాలి. ఏ భాష అన్నది అధికారి ఇష్టం. మనలాంటివాళ్ళను గడప దగ్గరే ఆపడానికి పెట్టిన పరీక్ష అది. 1902 ఓటు హక్కు చట్టం ఆసియా వాళ్ళను పక్కన పెట్టింది. అక్కడ స్థిరపడ్డ భారతీయులకు ఆ హక్కు 1925లో వచ్చింది.

ఇక ఉమ్మడి జాబితా. 51వ సెక్షన్‌లో కేంద్రం చట్టం చేయగల అంశాల జాబితా ఉంది. అది ఉన్నంతమాత్రాన రాష్ట్రాలు వాటి జోలికి పోకూడదని కాదు. చాలావాటి మీద అవీ చట్టం చేయొచ్చు. రెండూ ఢీకొంటే 109వ సెక్షన్ ప్రకారం కేంద్రానిదే చెల్లుతుంది. మన ఏడో షెడ్యూలులోని ఉమ్మడి జాబితాకూ, 254వ అధికరణానికీ పోలిక ఇక్కడే. అయితే ఆస్ట్రేలియాలో "ఉమ్మడి జాబితా" అనే శీర్షికతో విడి పట్టిక వెతికితే దొరకదు. రెండో అరువు ఉభయసభల సంయుక్త సమావేశం. అక్కడ దానికి ముందు రెండు సభలూ రద్దయి ఎన్నికలు జరగాలి, మన దగ్గర ఆ మెలిక లేదు.

మూడో అరువు మన రాజ్యాంగంలోని 301వ అధికరణం, స్వేచ్ఛా వాణిజ్యం. దీని మూలం 92వ సెక్షన్, ముర్రే ఒడ్డు సుంకాలకు మందుగా రాసినది: రాష్ట్రాల మధ్య వ్యాపారం, వాణిజ్యం, రాకపోకలు "సంపూర్ణంగా స్వేచ్ఛగా" ఉండాలి. ఆ "సంపూర్ణంగా" అన్న ఒక్క మాట మీద అక్కడి కోర్టుల్లో దశాబ్దాల తరబడి దావాలు నడిచాయి. 1948లో ప్రైవేటు బ్యాంకుల జాతీయీకరణను కొట్టేయడానికి కూడా దాన్నే పట్టుకున్నారు. మన రాజ్యాంగ సభ కూర్చుని ఉన్న కాలమే అది. 301 తీసి చదవండి: వ్యాపారం, వాణిజ్యం, రాకపోకలు అన్న మూడు మాటలూ ఉన్నాయి, "ఈ భాగంలోని ఇతర నిబంధనలకు లోబడి" అన్న షరతు ముందే తగిలించారు, "సంపూర్ణంగా" మాత్రం లేదు.